‘ప్యూర్ అనలాగ్’ మాట నమ్మి పియానో ఎల్పీ కొనకండి

పియానో ఎల్పీలు (సూదితో తిప్పి వినే పెద్ద గ్రామఫోన్ రికార్డులు) కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1981లో వాయించిన, బాఖ్ స్వరపరచిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ పాత ఎల్పీని ఆన్‌లైన్‌లో 6,500 రూపాయలు పోసి కొన్నాను. ‘ప్యూర్ అనలాగ్, ఒరిజినల్ టేప్ నుంచి’ అని ప్రకటన, అంటే శబ్దాన్ని ఎక్కడా డిజిటల్ అంకెలుగా మార్చలేదని. ఫోన్ చేసి అడిగినా అమ్మినతను అదే మాటన్నాడు. పార్సిల్ విప్పితే అట్ట మీదే ‘డిజిటల్’ అని అచ్చయి ఉంది. ప్రకటనలో పెట్టిన ఫొటోలో ఆ భాగం కత్తిరించేశారు.

న్యూయార్క్ 30వ వీధి స్టూడియోలో ఆ రికార్డింగ్ చేసినప్పుడు డిజిటల్ మెషిన్‌తో పాటు అనలాగ్ టేప్ కూడా నడిపారు. అమ్మేవాళ్లు ఈ సగం నిజాన్నే పట్టుకుంటారు. 1982లో వచ్చిన ఎల్పీ మాత్రం డిజిటల్ మాస్టర్ (కాపీలకు మూలమైన రికార్డింగ్) నుంచి తీసిందే. ఆ అనలాగ్ టేపులు వాడింది 2002లో వచ్చిన సీడీ సెట్‌కి! డిజిటల్ అయినందుకు నాకు బాధ లేదు, ఆ వాయింపంటే నాకు ప్రాణం. లేనిది ఉందని చెప్పి ధర పెంచారు, అదీ నా కోపం.

అంతకన్నా పెద్ద దెబ్బ రెండో వైపు తగిలింది. రికార్డు రంధ్రం సరిగ్గా నడిమధ్యన లేదు. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి ప్రతి 1.8 సెకన్లకోసారి శ్రుతి పైకీ కిందికీ ఊగుతోంది. వయొలిన్ అయితే వేలి కంపనంలో ఇది కొంత కలిసిపోతుంది. పియానోలో మీట నొక్కాక స్వరం నిలకడగా ఉండాలి, కాస్త ఊగినా చెవికి గుచ్చుకుంటుంది. సూది లోపలికి జరిగేకొద్దీ చుట్టు చిన్నదై ఊగుడు ఇంకా పెరుగుతుంది. 30 వేరియేషన్లు (ఆరంభ భాగానికి మార్పు రూపాలు) అయ్యాక ఆరియా అనే ఆ ఆరంభ భాగం మళ్లీ వస్తుంది చూడండి, అంత నెమ్మదిగా, అంత నిశ్శబ్దంగా వాయించిన ఆ చోటే పూర్తిగా పాడైంది. వాపసు అడిగితే ‘వాడిన రికార్డులకు రిటర్న్ ఉండదు’ అని ఫోన్ పెట్టేశాడు.

అట్ట ముందూ వెనకా, లేబుల్ రెండు వైపులా మొత్తం కనబడేలా ఫొటోలు అడగండి. ‘రీమాస్టర్డ్’ (మాస్టర్ మళ్లీ తయారుచేసింది) అన్న మాట ఒక్కటే చూసి కొనకండి, రికార్డు గాడిని ఏ మాస్టర్ నుంచి కట్ చేశారో అడగండి. పాత సీడీలైతే ఏఏడీ, ఏడీడీ, డీడీడీ అని ఉంటుంది, ఏ అంటే అనలాగ్, డీ అంటే డిజిటల్, మొదటి అక్షరం రికార్డింగ్‌ది. ఎల్పీకి మాత్రం చివరి ట్రాక్ తిరుగుతున్న వీడియో తప్పనిసరిగా తెప్పించుకోండి. సూది ఉన్న చెయ్యి చుట్టు చుట్టుకీ పక్కలకి ఊగుతుంటే రంధ్రం తేడాగా ఉన్నట్టే. వీడియో పంపనంటే, ఎంత తక్కువకి ఇస్తానన్నా వదిలేయండి.