బాన్‌హోఫర్ దారా, రొమేరో దారా: నియంత రాజ్యంలో విశ్వాసికి ఏది మేలు?

చిత్తూరులో మా చర్చి యూత్ మీటింగు ఆదివారం సాయంత్రం. పోయిన నెల ప్రభుత్వానికి ఎంతవరకు లోబడాలనే మాట వచ్చింది. రిటైరైన మాస్టారు ఒకాయన వెంటనే, "ఏం నాయనా, బైబిల్లో రోమా 13 చదవలేదా? ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను అని లేదా?" అన్నారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అపొస్తలుల కార్యములు 5:29 తీసి చదివింది: "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా." ఇంక ఆ రోజు మీటింగు తెమల్లేదు.

నన్నడిగితే, లోబడకూడదని తేలాకే అసలు చిక్కు. ఎదురుగా నిలబడి చెప్పాలా, చాటుగా పనిచెయ్యాలా?

చాటు దారి పట్టినవాడు జర్మన్ పాస్టరు బాన్‌హోఫర్. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కితే, ఏప్రిల్‌కల్లా బాన్‌హోఫర్ క్రైస్తవ సంఘం చేయాల్సిన మూడు పనులు రాశాడు. రాజ్యాన్ని ప్రశ్నించడం, దెబ్బతిన్నవాళ్లు క్రైస్తవులు కాకపోయినా ఆదుకోవడం, తప్పదంటే ఆ చక్రానికే అడ్డం పడటం. మరుసటి ఏడు జర్మనీలోనే బార్మెన్ అనే చోట, చర్చిలో నాజీల పెత్తనాన్ని ఒప్పుకోని సంఘాల ప్రకటన వచ్చింది. ఎక్కువ భాగం రాసింది వేదాంత పండితుడు కార్ల్ బార్త్. క్రీస్తు తప్ప మాకు వేరే ప్రభువు లేడని గట్టిగానే అన్నారు గానీ, యూదుల గురించి అందులో ఒక్క మాట లేదు. అది తన తప్పేనని బార్తే తర్వాత ఒప్పుకున్నాడు. తమ కాంపౌండు గోడ వరకే కాపలా కాశారన్నమాట.

బాన్‌హోఫర్ 1939లో అమెరికా వెళ్లి కూడా, నెల గడిచేసరికి వెనక్కి బయల్దేరాడు. బావగారి ద్వారా సైనిక గూఢచారి శాఖలో చేరి, హిట్లర్‌ను కూల్చే కుట్రలో భాగమయ్యాడు. ఆ శాఖ చాటునే 14 మందిని సరిహద్దు దాటించి స్విట్జర్లాండ్‌కు చేర్చారు, వాళ్లలో ఎక్కువమంది యూదు మూలాలవాళ్లు. 1943లో అరెస్టయ్యాడు, 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. 39 ఏళ్లు. నాకు ఆయనలో నచ్చేది ఒకటుంది: చంపడం పుణ్యమని ఎక్కడా చెప్పుకోలేదు. ఆ దోషం తన నెత్తిన పడుతుందని తెలిసే దిగాడు. (గాంధీ దగ్గరికొచ్చి అహింస నేర్చుకోవాలనుకున్నాడు, 1934లో గాంధీ రమ్మని ఉత్తరం కూడా రాశారు. రాలేకపోయాడు. నాకిప్పటికీ అదే బాధ.)

మధ్య అమెరికాలో, సైన్యం గుప్పిట్లో ఉన్న ఎల్ సాల్వడార్‌లో రొమేరోది మైకు దారి. 1977లో ఆర్చిబిషప్, అంటే అక్కడి క్యాథలిక్ సంఘానికి పెద్ద, అయినప్పుడు, ఈయన నెమ్మదస్తుడని పెద్దలు సంతోషించారు. నెల తిరక్కుండానే ఆయన స్నేహితుడు ఫాదర్ రుతిలియో గ్రాండేని, వెంట ఉన్న ఒక ముసలాయన్ని, ఒక కుర్రాణ్ని కాల్చేశారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ప్రసంగంలో ఆ వారం చంపబడినవాళ్ల, మాయమైనవాళ్ల పేర్లు చదివేవాడు. రేడియోలో దేశమంతా వినేది. స్టేషన్‌కు బాంబులు పెట్టారు, అయినా ఆగలేదు. 1980 మార్చి 23న సైనికులతో నేరుగా అన్నాడు: దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన ఆర్డరును మీరు పాటించనక్కర్లేదు, ఈ అణచివేత ఆపండి. మర్నాడు సాయంత్రం ఆసుపత్రి చాపెల్లో పూజ చేస్తుండగా కాల్చారు. 2018లో పునీతుడని ప్రకటించారు.

నా ఓటు రొమేరోకే. కుట్రకు గూఢచారి శాఖలో బావగారు ఉండాలి, మనలాంటివాళ్లకు ఎక్కణ్నుంచి వస్తారు? పేరు పెట్టి ప్రార్థన చేయడం ఏ సంఘమైనా చేయగలదు. పైగా బయట చెప్పిన మాట తప్పయితే పదిమంది దిద్దుతారు, చాటుగా తీసుకున్న నిర్ణయాన్ని దిద్దేవాడు ఉండడు.

అయితే ఆ మైకు అన్నిచోట్లా పనిచేయదు. ఎల్ సాల్వడార్ సైనికులు కూడా క్యాథలిక్కులే, ఆయన మాట వాళ్ల మనసుకు తగిలింది. జర్మనీలో హిట్లర్‌కు జై కొట్టిన పాస్టర్లే బోలెడుమంది. బయటికి మాట్లాడిన పాస్టరు నీమోలర్‌ను 1937లో పట్టుకెళ్తే, జైల్లో, ఆ తర్వాత నాజీ నిర్బంధ క్యాంపుల్లో 1945 దాకా ఉంచారు. 1942లో బాన్‌హోఫర్‌ను మైకు పట్టుకోమంటే అన్యాయమే. పది ఏళ్ల ముందు సంఘాలు మాట్లాడి ఉంటే ఆయనకు కుట్ర అవసరం పడేదా అన్నదే నా అనుమానం.

మొన్నటి ఆదివారం ఇదంతా చెబితే మాస్టారు కాసేపు లెక్కలు కట్టారు. "ఆర్చిబిషప్ అయ్యేనాటికి ఆయనకు యాభై తొమ్మిదా? అయితే అప్పటిదాకా ఆయనా నాలాంటి రోమా 13 మనిషే గదా నాయనా" అని, కళ్లద్దాలు తుడుచుకుంటూ అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం తియ్యమన్నారు.