చేత్తో గీకిన టైల్స్ అంటే నమ్మి డబ్బులు పంపేముందు ఇది చదవండి

ముగ్గుల టైల్స్ అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అదే, బట్టీలో కరిగి గాజులా గట్టిపడే గ్లేజ్ పూతని కాల్చకముందే సూదితో గీకుతుంటే పైన తెల్ల గ్లేజ్ లేచిపోయి కింద నల్ల గ్లేజ్ బయటపడే రీల్స్ పెడతాడు, స్గ్రాఫిటో అంటాడు. తులసికోట చుట్టూ అతికిద్దామని, అమ్మ వేసే చుక్కల ముగ్గు ఫోటో పంపి 24 టైల్స్ చెప్పాను. ఒక్కోటి 450, మొత్తం 10,800 ముందే పంపేశాను.

నెలకి వచ్చాయి. మేస్త్రి దొరికేదాకా డబ్బా విప్పలేదు, అది పూర్తిగా నా తప్పే. నిన్న పొద్దున ఆరు అతికించి ఏడోది చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. "అమ్మా, అన్నిటికీ ఇక్కడే గీత తెగింది చూడండి" అన్నాడు. మూడో చుక్క దగ్గర చిన్న తెంపు, దాని పక్కనే వెంట్రుకంత గీరు. మిగతావన్నీ బయటికి తీశాం. అన్నిటికీ అదే చోట, అదే పొడవు! చేత్తో గీకితే చెయ్యి ఒక్కోసారి ఒక్కోచోట జారుతుంది, బట్టీలో గ్లేజ్ కరిగినప్పుడు అంచులూ ఒక్కోదానికి ఒక్కోలా మెత్తబడతాయి. గోరు పెట్టి లాగితే అద్దం మీద లాగినట్టు సర్రున జారిపోయింది. ఒట్టి ప్రింటు.

ఆ పేజీవాడికి ఫోన్ చేస్తే "గోడకి అతికించాక ఎవరు గోకి చూస్తారు మేడమ్, మీరు పంపిన ముగ్గే కదా" అన్నాడు. స్పీకర్‌లో ఉంది, అమ్మ పక్కనే కూర్చుని వింది. "పోనీలేవే, బాగానే ఉన్నాయిగా" అని నన్నే ఓదార్చింది, నాకు ఇంకా ఏడుపొచ్చింది. డబ్బులు వెనక్కివ్వమంటే కస్టమ్ ఆర్డర్‌కి రిటర్న్ లేదన్నాడు, మరి ఆ రీల్ ఎందుకు పెట్టావంటే ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు నంబర్ బ్లాక్. ప్రింటని చెప్పి ప్రింటు ధరకి అమ్మితే నాకేం గొడవ లేదు, నేను డబ్బిచ్చింది చేతి పనికి. నిజంగా గంటలకొద్దీ వంగి కూర్చుని గీకేవాళ్లని కూడా రేపు ఎవరు నమ్ముతారు?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, చాట్, రీల్ అన్నీ దాచాను. అతికించిన ఆరూ పగలకుండా ఊడిరావంటున్నాడు మేస్త్రి.

కొనాలనుకుంటే ముందు ఒక్క టైల్ తెప్పించుకోండి. గీత మీద గోరు ఆగాలి, టార్చి పక్కనుంచి కొడితే గీతలో నీడ కనపడాలి. డబ్బా వచ్చిన రోజే, వీడియో తీస్తూ విప్పండి.