హెరాల్డ్ కార్లున్నవాళ్ళూ, ఆ ‘ఇంగ్లాండు సస్పెన్షన్ కిట్’ జోలికి పోవద్దు

స్టాండర్డ్ హెరాల్డ్ (ఇంగ్లాండు ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసు స్టాండర్డ్ కంపెనీ ఇక్కడ తయారు చేసిన పాత కారు) ఉన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పాత కార్లు పెట్టుకున్న వాళ్ళందరికీ ఆ కిట్ అమ్మే మెకానిక్ తెలుసు. హైవే పక్కన షెడ్డు, గోడ నిండా ఇంగ్లీషు కార్ల బొమ్మలు, “ఒరిజినల్ సామాను ఇంగ్లాండు నుంచి దిగుతుంది” అనే మాట. ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. కేసు వేస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. ఆయన దగ్గర సస్పెన్షన్ పని మాత్రం చేయించకండి. పోయిన డబ్బు ఒక ఎత్తు. రాపూరు ఘాట్‌లో నేను, ఎనభై దాటిన మా నాయన లోయలో పడాల్సిన వాళ్ళం. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

కారు మా నాయనది. కావలిలో ఉద్యోగం చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, రెండు తలుపుల కారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడు తోలేది, చూసుకునేది, సామాన్ల కోసం తిరిగేది అంతా నేనే. మామూలు రోడ్డు మీద బంగారంలాంటి బండి. మలుపులో మాత్రం దాని వెనక భాగాన్ని నమ్మలేం. అది బాగు చేయించాలన్నది నా ఎన్నాళ్ళ కోరికో.

ఈ కారు వెనక సస్పెన్షన్ సంగతి తెలిసిన వాళ్ళు ఈ భాగం వదిలేసి కిందికి పోవచ్చు. తెలియని వాళ్ళకు ఇది తెలియకపోతే ఆయన చేసింది ఎంత ఘోరమో అర్థం కాదు. వెనక అడ్డంగా ఒకటే కమాన్ కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) ఉంటుంది. దాని నడిమి భాగం డిఫరెన్షియల్ (ఇంజను తిప్పుడుని రెండు వెనక చక్రాలకీ పంచే గేరు పెట్టె) మీద గట్టిగా బిగించి ఉంటుంది, రెండు చివర్లూ రెండు చక్రాల దగ్గరికి పోతాయి. చక్రాన్ని తిప్పే ఒక్కో యాక్సిల్ షాఫ్టుకి లోపలి వైపు ఒక్కటే జాయింటు. అందుకని చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని వాలు మారిపోతుంది. మలుపులో వేగంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశామనుకోండి, బరువంతా ముందుకు పోతుంది, వెనక లేస్తుంది, బయటి వైపు చక్రం కడుపు కిందికి ముడుచుకుంటుంది. టైరు అంచు మీద కారు నిలబడుతుంది. అక్కణ్ణించి వెనక భాగం గిర్రున తిరిగిపోవడానికి క్షణం చాలు.

1959లో ఇంగ్లాండులో హెరాల్డ్ వచ్చినప్పటి నుంచీ ఉన్న గుణమే ఇది. ఇదే ఛాసిస్‌ని కురచ చేసి ట్రయంఫ్ వాళ్ళు 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండింటి రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలొట్టీయే. స్పిట్‌ఫైర్ వెనక కూడా అదే అడ్డ కమాను, అదే జబ్బు. వేగం ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా బాగా బయటపడింది. చివరికి 1970లో వచ్చిన మార్క్ ఫోర్ స్పిట్‌ఫైర్‌కి స్వింగ్ స్ప్రింగ్ అని కొత్త కమాను పెట్టారు. అందులో పట్టీలన్నీ కలిపి బిగించి ఉండవు. నడుమ ఉన్న పెట్టెలాంటి దాంట్లో చాలా పట్టీలు అటూ ఇటూ ఊగుతాయి. గుంటల్లో బరువు మోస్తుంది కానీ, కారు పక్కకి ఒరిగినప్పుడు వెనక చక్రాల మీద మునుపటంత తోపుడు ఉండదు. చక్రం ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. వెనక తగ్గిన ఆ బిగువుని ముందు వైపు లావుపాటి యాంటీ రోల్ బార్ (కారు పక్కకి ఒరగకుండా పట్టే ఉక్కు కడ్డీ) వేసి సరిచేయాలి. రెండూ కలిపే వేయాలి. మన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వాళ్ళయితే 1972లో గెజెల్ తెచ్చినప్పుడు ఈ వెనక సస్పెన్షనే తీసేసి, రెండు చక్రాలనీ కలిపే మామూలు గట్టి యాక్సిల్ పెట్టారు.

ఆ షెడ్డు మెకానిక్ ‘ఇంగ్లాండు సస్పెన్షన్ కిట్’ అని నాకు ఒప్పుకున్నది ఇదే. స్పిట్‌ఫైర్ స్వింగ్ స్ప్రింగ్, లావు యాంటీ రోల్ బార్, ముందు రెండు వైపులా కొత్త ట్రనియన్లు (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే కీళ్ళు), పాలీ బుష్‌లు (రబ్బరు బుష్‌ల బదులు వేసే పాలీయురితేన్ బుష్‌లు), నాలుగు షాక్ అబ్జార్బర్లు, లేబర్‌తో కలిపి 85,000 రూపాయలు. అడ్వాన్సు 50,000 ఇచ్చాను, మిగతాది బండి తీసుకునేటప్పుడు. ఎస్టిమేటులో ప్రతి వస్తువూ పేరు పేరునా రాయించాను. ఆ కాగితం నా దగ్గర ఉంది.

బండి తీసుకునే రోజే వెనక భాగం ఎత్తుగా ఉంది. చక్రాలు పైన వెడంగా, కింద దగ్గరగా నిలబడి ఉన్నాయి. స్వింగ్ స్ప్రింగ్ వేస్తే దీనికి తలకిందులుగా, చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలాలి. అదే అడిగాను. “కొత్త కమాను కదా మేడమ్, మొదట్లో ఎత్తుగానే ఉంటాది. నాలుగు రోజులు లోడు మీద తిరిగితే కూర్చుంటాది” అన్నాడు. పాతవి ఇవ్వమంటే, “ఇనప సామాన్లోళ్ళకి పడేశాం” అన్నాడు. కమాను చూడాలంటే వెనక సీటు కింద రేకు మూత విప్పాలి. దానికి రివెట్లు కొట్టించి, పైన కొత్త కార్పెట్టు అతికించాడు. ఎందుకంటే సౌండు రాకుండానట.

ఆ తర్వాత నాయన పెంచలకోన పోదామన్నారు. దర్శనం చేసుకుని, ఘాట్ రోడ్డు చూసి చాలా కాలమైందంటే రాపూరు నుంచి చిట్వేలు వైపు కొంత దూరం పోయి వెనక్కి దిగుతున్నాం. పెద్ద వేగం కూడా లేదు. ఎడమ మలుపులో ఎదురుగా బస్సు మా వైపుకి వచ్చేసింది. కాలు తీశాను. అంతే, వెనక భాగం గాల్లోకి లేచినట్టయింది. కుడి చక్రం కిందికి ముడుచుకుంది, బండి అడ్డంగా తిరగబోయింది. బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ ఎదురు తిప్పి పట్టుకున్నాను, మళ్ళీ మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చాను. బస్సుకీ మాకూ మధ్య ఎంత సందు మిగిలిందో చూసే ధైర్యం కూడా లేకపోయింది. నాయన డ్యాష్‌బోర్డు పట్టుకుని, “ఏందమ్మా ఇది, మునుపు ఇంత లేదే” అన్నారు. నిజమే. పని చేయించక ముందు ఇంత లేదు. అక్కణ్ణించి నెల్లూరు దాకా ఇద్దరం నోరు విప్పలేదు.

మద్రాసులో స్టాండర్డ్ కార్ల మీద పని నేర్చుకున్న పెద్దాయన ఒకరు ఒంగోల్లో ఉన్నారు. పని మానేసి చాలా కాలమైంది. ఫోన్ చేసి చెప్తే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. రివెట్లు తొలిచి మూత లేపారు. లోపల నల్ల రంగు నిగనిగలాడుతోంది. నడుమ పెట్టె లేదు, ఊగే పట్టీలు లేవు. ఆయన కిరోసిన్ గుడ్డతో పై పట్టీ తుడిచారు. రంగు కింద పంచ్‌తో కొట్టిన రెండు అక్షరాలు బయటపడ్డాయి. అవి మా నాయన పేరులోని మొదటి అక్షరాలు. కావలిలో ఉన్నప్పుడు ఆ కమానుని కొలిమిలో వంపు ఎక్కిస్తే, వేరేవాళ్ళ సామాన్లలో కలవకుండా అక్కడి ఆచారి కొట్టిన గుర్తు అది. అంటే ఆ షెడ్డాయన మా కమాన్నే విప్పి, లారీ కమాన్లు సాగగొట్టే చోట మళ్ళీ వంపు ఎక్కించి, రంగు పూసి, మాకే అమ్మాడు! వంపు ఎక్కువైంది కాబట్టే వెనక భాగం లేచి నిలబడింది. ఈ కార్లలో వెనక ఎంత ఎత్తుగా ఉంటే చక్రం ముడుచుకోవడం అంత ఎక్కువ. ఉన్న జబ్బు తగ్గించమని డబ్బిస్తే దాన్ని పెంచి పంపాడు.

ముందు వైపు ఇంకా దారుణం. యాంటీ రోల్ బార్ పాతదే, రంగు కొత్తది. పాలీ బుష్‌లంటూ ఎర్ర రంగు పూసిన పాత రబ్బరు బుష్‌లు. ట్రనియన్లు మావే, వాటి నిండా గ్రీజు దట్టించాడు. ట్రనియన్‌కి వేయాల్సింది గ్రీజు కాదు, తొంభై నంబరు గేర్ ఆయిల్. మరలున్న ఉక్కు కడ్డీ ఇత్తడి లాంటి ముక్కలో తిరుగుతూ ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా. గ్రీజు గట్టిపడితే ఆ మరల సందుల్లోకి పోదు, నీళ్ళు చేరి తుప్పు పడుతుంది, ఒకరోజు కడ్డీ తెగి ముందు చక్రం పక్కకి పడిపోతుంది. ఈ కార్ల మీద పని చేసేవాళ్ళు మొదట నేర్చుకోవలసిన విషయం ఇది. షాక్ అబ్జార్బర్లు మాత్రం కొత్తవే వేశాడు.

ఫోటోలన్నీ తీసుకుని, ఎస్టిమేటు పట్టుకుని, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకి పోయాను. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను మర్చిపోలేను.

“ఇది మా కమానే కదా?” అని ఫోటో చూపించాను. ఆయన ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. మా తమ్ముడి వైపు తిరిగి, “ఏంది సార్, మేడమ్‌కి ఎవరో బాగా ఎక్కిచ్చినట్టుండారే” అన్నాడు. మా తమ్ముడు బ్యాంకులో పని చేస్తాడు, వాడికి స్టెప్నీ మార్చడం కూడా రాదు. “అడుగుతున్నది అక్క. కారు అక్కదే. అక్కకే చెప్పండి” అన్నాడు వాడు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ వాడికే చెప్పాడు. “ఆ ఇంగ్లాండు కమాను మన రోడ్లకి నిలవదు సార్. అందుకని మేమే ఆలోచించి పాతదానికి వంపు ఎక్కిచ్చినాం. ఇవన్నీ మేడమ్‌కి చెప్తే అర్థం కాదని చెప్పలేదు.”

“మరి స్వింగ్ స్ప్రింగ్ అని రాసి డబ్బు ఎందుకు తీసుకున్నారు?” అన్నాను. “అది ప్యాకేజీ పేరు సార్” అన్నాడు, మా తమ్ముడితోనే.

ఘాట్‌లో జరిగింది చెప్పాను. మా నాయన కార్లో ఉన్నారని చెప్పాను. అప్పుడు, అదే మొదటిసారి, నా వైపు తిరిగాడు. “మలుపులో కాలు ఎవరు తీయమన్నారు మేడమ్? ఆడోళ్ళు ఘాట్లో తోలితే ఇట్టనే ఉంటాది. ఇంట్లో మగోళ్ళకి ఇయ్యండి బండి.” పక్కన పని చేస్తున్న కుర్రాళ్ళు పానాలు పక్కన పెట్టి నవ్వారు.

ఆ బండి ఆ మలుపులో నిలబడిందంటే తోలిన మనిషికి దాని గుణం తెలుసు కాబట్టి. బ్రేకు మీద కాలు వేసి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఎవరైనా కాలు తీస్తారు. కాలు తీసినా బండి నిలబడాలనే కదా ఆ 85,000 ఇచ్చింది! నా ప్రశ్నకి నా మొహం చూసి జవాబు చెప్పలేని మనిషి, మా నాయన ప్రాణం మీదికి తెచ్చి, తప్పు నా కాలిదని తేల్చాడు. డబ్బు వెనక్కి అడిగితే, “లేబర్ అయిపోయింది కదా సార్” అని లోపలికి పోయాడు.

నేను ఊరుకోవడం లేదు. ఎస్టిమేటు, డబ్బు పంపిన వివరాలు, ఫోటోలు, ఒంగోలు పెద్దాయన రాసిచ్చిన కాగితం పెట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. 1915కి ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెప్తారు.

అన్నట్టు, ఎక్కడ పని చేయించినా విప్పిన పాత సామాను మీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. బయటి దేశం సామాను అంటే దిగుమతి బిల్లు చూపించమనండి. వెనక సీటు కింద మూత మీ కళ్ళ ముందే తెరిపించండి. బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి, జాకీ మీద ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. ట్రనియన్లలో ఏముందో ఈ రోజే చూసుకోండి, గ్రీజు ఉంటే కడిగించి ఆయిల్ పోయించండి.

ఆయన దగ్గర ఇదే ‘కిట్’ వేయించుకున్న వాళ్ళు ఇంకొందరు ఉన్నారని విన్నాను. వాళ్ళు దయచేసి ఘాట్ రోడ్లకి పోకండి, ముందు ఆ మూత తెరిచి చూడండి. లోపల పాత కమానే ఉంటే ఫోటో, బిల్లు నాకు పంపండి. నా ఫిర్యాదుతో పాటు అవి కూడా కమిషన్ ముందు పెడతాను.