పుట్టినరోజు భోజనం మానేసి కట్టిన నెల చందా

మా అబ్బాయి పుట్టినరోజుకు ఏటా ఒక అనాథాశ్రమంలో భోజనం పెట్టించేవాళ్లం. రెండేళ్ల క్రితం వడ్డిస్తుండగా ఒక పాప "ఈ వారంలో ఇది మూడో పాయసం ఆంటీ" అంది. బడులు తెరిచే రోజుల్లో మాత్రం ఎవరూ ఇటు రారని అక్కడి వార్డెన్ చెప్పారు. ఆ మాట మనసులో పెట్టుకుని వెతకగా, బెంగళూరులో కె.ఆర్.పురం వైపు రెండు గదుల్లో నడిచే ఒక చిన్న సంస్థ దొరికింది. ఏడాదిగా దానికి నెలకు 2,500 రూపాయలు కడుతున్నాను. దానిపై నాకు కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు.

వీరు పిల్లలను ఆశ్రమానికి తరలించరు. అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరుగుతున్నవారిని అక్కడే ఉంచి, ఆ ఇంటికే బియ్యం, పప్పు, బడి ఖర్చులు అందిస్తారు. పిల్లలను సంస్థలో చేర్చడం చివరి మార్గంగానే ఉండాలని 2015 నాటి బాల న్యాయ చట్టం కూడా చెబుతుంది. నా డబ్బు ఏ బిడ్డకు వెళ్తుందో పేరు, ఫొటో ఇవ్వబోమని వారు చెప్పినప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, మా వాడి ఫొటో ముక్కూ మొహం తెలియనివారికి పంపుతానా అని ఆలోచించాక ఊరుకున్నాను.

ఇక్కడ అసలు పని సరుకుల్లో కాదు, కాగితాల్లో జరుగుతుంది. మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల ప్రభుత్వ సాయం ఉంది. అయితే అల్లుడి మరణ ధ్రువపత్రం కదిరిలో, ఆధార్ చిరునామా ఇంకో ఊళ్లో ఉండి, బ్యాంకు గడపే తొక్కని అమ్మమ్మ ఆ సాయం దాకా ఒంటరిగా ఎలా వెళ్తుంది? సంస్థ కార్యకర్త నాలుగు నెలలు ఆమె వెంట తిరిగి దరఖాస్తు పెట్టించారు. భర్త పోయిన మరొకామె అపార్ట్‌మెంట్‌లో ఊడ్చి నెలకు 9,000 తెచ్చుకుంటుంది. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 మించరాదన్న నిబంధన వల్ల, పన్నెండు నెలలూ నాగా లేకుండా పనిచేసినందుకే ఆమె బిడ్డకు సాయం అందకుండా పోయింది. మా చందాలు ముందుగా ఇటువంటి ఇళ్లకే వాడుతున్నారు. ఈ విచక్షణ నాకు బాగా నచ్చింది.

సాయంత్రం ట్యూషన్ మాత్రం నిరాశపరిచింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివే పిల్లలకు, వారాంతంలో వచ్చే స్వచ్ఛంద సేవకులు ఇంగ్లీషులో భిన్నాలు చెబుతుంటే వారు తల ఊపుతూ కూర్చుంటారు. రెండు భాషలూ వచ్చిన ఒక్క టీచరును జీతం ఇచ్చి పెట్టుకోమని రెండుసార్లు అడిగాను.

రసీదుల సంగతి మరీ అధ్వానం. విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందడానికి మే 31లోగా ఇవ్వవలసిన 80జీ ధ్రువపత్రం మూడుసార్లు గుర్తుచేస్తే జులై చివరలో వచ్చింది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు ఎలాగూ వర్తించదు. నేను మరో ఏడాదికి చందా పొడిగించాను, పుట్టినరోజు భోజనం డబ్బును మే నెలలో నోటు పుస్తకాలకూ బూట్లకూ వాడమని విడిగా రాసిచ్చాను.