ఫుట్‌పాత్ మనిషికి ఏది పనికొస్తుంది: హైదరాబాద్ నైట్ షెల్టరా, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లా?

షెల్టర్ ఈ రాత్రికే దొరకొచ్చు. కానీ అందులో చేరినవాడు అక్కణ్నుంచి సొంత గడపకి వెళ్లే దారి ఈ రెండు పథకాల్లోనూ లేదు. అసలు లోపం అదే.

షెల్టర్ నిబంధనలు చదివితే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ కనిపించదు. ఐదు లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్ష మందికొక షెల్టర్ ఉండాలని, అదీ ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ నడవాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మనిషికి 50 చదరపు అడుగులు, ఒక మేనేజరు, షిఫ్టుల వారీగా ముగ్గురు కేర్‌టేకర్లు, లాకర్లు అని రాసిపెట్టింది.

ఏ షెల్టరైనా ఎలా ఉందో తెలియాలంటే మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడండి. తాళం వేసుంటే క్యాటరింగ్ కుర్రాళ్లకీ నైట్ డ్యూటీ వాచ్‌మన్లకీ అది దండగ, వాళ్లు పడుకునేదే పగలు. తర్వాత లాకర్ చూడండి. అది లేనిచోట ఆధార్ కార్డు, సెల్‌ఫోను, కూలి డబ్బులు తలకింద పెట్టుకుని పడుకోవాలి. ఒకసారి పోయాయంటే ఆ మనిషి మళ్లీ ఫ్లైఓవర్ కిందకే చేరతాడు. పరుపుకి రెక్సిన్ కవరుందా? దూది పరుపైతే నల్లులు కుట్ల వెంబడి దాక్కుంటాయి. దుప్పట్లు ఎంత ఉతికినా మంచం సందుల్లోవి, గోడ పగుళ్లలోవి అలాగే ఉంటాయి. ఒకసారి మందు కొట్టి వదిలేస్తే గుడ్లు పగిలి వారం పది రోజుల్లో కొత్తవి తయారు. రెండు వారాలకి మళ్లీ కొట్టించారా అని అడగండి. లేబర్ అడ్డా నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి, పొద్దున్నే అడ్డా మీద లేనివాడికి ఆ రోజు పని లేనట్టే. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు షెల్టర్లు కాబట్టి, భార్యాభర్తలు పిల్లల్తో సహా రోడ్డు మీదే ఉండిపోతారు.

నీలోఫర్, నిమ్స్ లాంటి ఆసుపత్రుల దగ్గర రోగుల తాలూకు మనుషులకి కట్టినవాటికి మాత్రం మంచి మార్కులే. వాళ్లకి కావాల్సింది నాలుగు రోజుల చోటు, షెల్టర్ ఇవ్వగలిగేదీ అంతే.

ఇక తెలంగాణ ప్రభుత్వం పేదలకి కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. 560 చదరపు అడుగులు, రెండు గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూములు: ఇల్లుగా నిక్షేపంలా ఉంటుంది. 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో మొదలైంది. 2023లో ప్రారంభించిన కొల్లూరులో ఏకంగా 15,660. తిరకాసంతా అర్హతలో ఉంది. ఆహార భద్రత కార్డు, అంటే రేషన్ కార్డు కావాలి, ఇల్లు ఇల్లాలి పేరున ఇస్తారు. ఒంటరి మగవాడి సంగతేంటి? కార్డుకి అడ్రస్ అడుగుతారు, అడ్రస్‌కి ఇల్లుండాలి. పోనీ ఇల్లు వచ్చిందనుకున్నా, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మూటలు మోసేవాడికి కొల్లూరు ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఇప్పటి ఇందిరమ్మ ఇళ్లయితే మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే, ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు. ఫుట్‌పాత్‌కి పట్టా ఎవరిస్తారు?

షెల్టర్‌కీ సొంతింటికీ మధ్య ఉన్న ఇలాంటి ఖాళీని ఫిన్లాండ్ 2008 నుంచి పూడ్చుకుంటూ వచ్చింది. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపిన 250 పడకల షెల్టర్‌ని 81 చిన్న ఫ్లాట్లుగా మార్చారు. అద్దె ఒప్పందం ఫ్లాట్‌లో ఉండేవాడి పేరునే, అద్దెకి ప్రభుత్వ సాయం, అదే భవనంలో సిబ్బంది. తాగుడు మానితేనే తాళంచెవి అన్న షరతు లేదు. అయినా 2024లో అక్కడ ఇల్లులేనివాళ్ల లెక్క మళ్లీ పెరిగింది, కాబట్టి అదేమీ మంత్రదండం కాదు. మనకి పనికొచ్చేది అందులోని కొలత: అడ్డాకి దగ్గర్లో, ఒక్క మనిషికి సరిపోయే అద్దె గది. అలాంటివి కడితే కొల్లూరు అంత స్థలమూ అక్కర్లేదు.

అవి వచ్చేదాకా, ఎవరినైనా షెల్టర్‌లో చేర్పిస్తే ఆ రోజే మేనేజర్‌ని ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు దరఖాస్తుల గురించి అడగండి. ఇవి ఇప్పించడంలో సాయపడాలని షెల్టర్ నిబంధనల్లోనే ఉంది, ఎవరి దయా కాదు.