బూజు పండించిన రుచి: కిక్కోమన్ సోయా సాస్

విశాఖలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను. ఎంవీపీ కాలనీలో సరుకులకి వెళ్ళినప్పుడు జపాన్ కంపెనీ కిక్కోమన్ సోయా సాస్ 150 మిల్లీలీటర్ల సీసా కనిపించింది. మామూలు సోయా సాస్‌కి మూడు నాలుగు రెట్ల ధర. వెనక్కి పెట్టేయబోయి లేబుల్ చదివాను: నీళ్ళు, సోయా, గోధుమ, ఉప్పు. ఇంకేమీ లేవు. తెచ్చేసుకున్నాను.

తెల్ల పింగాణీ పళ్ళెంలో నాలుగు చుక్కలు వేసి చూడండి. నల్లగా ఉండదు, అంచుల్లో పలచటి ఎర్ర గోధుమ రంగు కనిపిస్తుంది. వాసనలో కాస్త తీపి ఉంది.

ఆవకాయలో ఉప్పు తగ్గితే బూజు పడుతుందని మనింట్లో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ బూజుతోనే పని. ఉడికిన సోయా, వేయించిన గోధుమ మీద ఆస్పర్‌జిల్లస్ బూజుని సుమారు మూడు రోజులు పెంచి, ఉప్పునీళ్ళలో కలిపి నెలల తరబడి ఊరబెడతారు. అంత ఉప్పులో బూజు ఎదగలేదు, కానీ అది అప్పటికే వదిలిన ఎంజైములు, అంటే పదార్థాల్ని మార్చే ప్రోటీన్లు, పని చేస్తూనే ఉంటాయి. వాటిలో ప్రోటియేజ్ అనేది సోయా, గోధుమల్లోని ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. గ్లుటమినేజ్ అనే ఇంకో ఎంజైము, ఆ ముక్కల్లో వచ్చే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని గ్లుటమిక్ ఆమ్లంగా మారుస్తుంది. తిన్నాక కూడా నాలుక మీద నిలిచే రుచికి ముఖ్య కారణం ఆ గ్లుటమిక్ ఆమ్లమే. చిక్కల్లా ఈ గ్లుటమినేజ్ ఉప్పులో నీరసించిపోవడం. అందుకే ఉప్పుకి తట్టుకునే గ్లుటమినేజ్ కోసం సముద్రపు శిలీంధ్రాల్ని (బూజు లాంటి ఫంగస్‌లని) వెతుకుతున్నారు. కొచ్చిలో సముద్రం నుంచి వేరుచేసిన బ్యువేరియా అనే శిలీంధ్రం మీద అలాంటి పరిశోధన జరిగింది. ఇంత తీరం ఉన్న మన ఊళ్ళో పిల్లలు కూడా ఆ దారి పట్టాలని నాకు గట్టి కోరిక.

ఇక వంట. పెదజాలారిపేటలో కొన్న వంజరం ముక్కలకి రెండు చెంచాల సాస్, అల్లం, మిరియాల పొడి పట్టించి, అరగంట ఆగి, పెనం మీద సన్నని సెగన వేయించాను. విడిగా ఉప్పు వెయ్యలేదు, అక్కర్లేదు కూడా. అంచులు తేనె రంగుకి తిరిగాయి, లోపల ముక్క తడిగానే ఉంది. మర్నాడు వేడి అన్నంలో నెయ్యి, నాలుగు చుక్కల సాస్ కలిపి పెడితే మా అబ్బాయి పప్పు అడగలేదు.

ఎంజైములున్నాయి కదా, మాంసం మెత్తబడుతుందని మాత్రం కొనకండి. సీసాలో పోసేముందు కాచేస్తారు కాబట్టి వాటి పని అక్కడితో సరి. గోధుమ పడనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. బీపీ ఉంటే చెంచాతో కొలిచి వాడండి, మా ఆయనకి నేను అలాగే వేస్తున్నాను. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ సీసా ఖాళీ అయ్యాక కడిగి మా ల్యాబ్ బల్ల మీద పెడతాను, ఫంగస్ పాఠం రోజున చూపించడానికి.