ఆడి సేల్‌లో కుక్కర్ కొంటున్నారా? ముందు స్టిక్కర్ కింద ఏముందో చూడండి

చెన్నైలో ఉన్న మనవాళ్ళకి, ముఖ్యంగా ఈ ఆదివారం టి.నగర్ బయల్దేరేవాళ్ళకి చెప్తున్నాను. మనకి ఆషాఢం ఆఫర్లు ఎలాగో ఇక్కడ ఆడి తళ్ళుబడి అలాగ. పెళ్ళిళ్ళు లేని నెలలో బేరాలు ఉండవని మొదలైన తగ్గింపులివి. ఇప్పుడు చూడండి, ఆ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు.

పోయిన వారం పానగల్ పార్కు దగ్గర ఒక పెద్ద పాత్రల కొట్టుకి వెళ్ళాం. కావలసింది మూడు లీటర్ల కుక్కర్, రెండు వేల లోపు. మా ఆయనతో తెలుగులో మాట్లాడుతుంటే సేల్స్ కుర్రాడు విన్నాడు. "అక్కా, మాది నాయుడుపేట. మనవాళ్ళు కాబట్టి చెప్తున్నా, ఈ కాంబో వదలొద్దు" అన్నాడు. సగం అక్కడే పడిపోయాను. పరాయి ఊళ్ళో మన మాట వినిపిస్తే బేరమాడడానికి నోరు రాదు. పైగా కాఫీ తెప్పించాడు. తాగాక ఉత్త చేతులతో ఎలా లేస్తాం?

మూడు లీటర్లది 1,899. ఐదు లీటర్లది 2,799. ఐదు లీటర్లదీ, దాంతో పాటు కడాయీ కలిపి 2,899. వంద రూపాయలకి కడాయి! నేను దేనికొచ్చానో మర్చిపోయాను. మాటవరసకి "ఒట్టి ఐదు లీటర్లది చూపించు" అంటే "స్టాక్ లేదక్కా" అన్నాడు. ఎంబీఏ చదివే మా అమ్మాయి ఇంటికొచ్చాక నవ్వింది. ఆ ఒట్టి ఐదు లీటర్లది అమ్మడానికి కాదట, పక్కనున్న కాంబోని చవగ్గా కనిపించేలా చెయ్యడానికట. దీన్ని డికాయ్ అంటారట.

ఇంతవరకూ నా బుద్ధితక్కువే అనుకోండి. అసలు మోసం వేరే. పెట్టె మీద స్టిక్కర్‌లో ఎంఆర్‌పీ 4,999 కొట్టేసి, ఆడి ధర 2,899 అని ఉంది. ఇంట్లో చూస్తే అంచు లేచి ఉంది. పీకితే కింద కంపెనీ అచ్చేసిన ఎంఆర్‌పీ 2,950! నేను 42 శాతం అనుకుని మురిసిపోయిన తగ్గింపు అక్షరాలా 51 రూపాయలు.

ముందు ఒక పెద్ద అంకె కంట్లో పడితే మన లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ట్వెర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే దీని గురించి రాశారు. ఒక చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ళు 25 దాకా చెప్తే, 65 దగ్గర ఆగినవాళ్ళు 45 దాకా చెప్పారు. చక్రానికీ ఆఫ్రికాకీ ఏం సంబంధం? ఆ 4,999కీ నా కుక్కర్‌కీ అంతే.

ఫోన్లో కొనేవాళ్ళు నవ్వకండి. "రెండే మిగిలాయి" అనే అబద్ధపు తొందర కూడా 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని బోల్తా కొట్టించే ఎత్తుల్లో ఒకటి.

2011 ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు కానీ, కంపెనీ వేసిన ఎంఆర్‌పీని దాంతో కప్పకూడదు. పెంచి వేయడం అసలే కుదరదు. మర్నాడు వెళ్ళి ఈ మాటే అడిగితే "సేల్ సరుకు వాపసు తీసుకోం" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇక్కడ తూనికలు కొలతల వ్యవహారం కార్మిక శాఖ చూస్తుంది, అక్కడికీ రాసిస్తున్నాను. స్టిక్కర్‌నీ, పెట్టెనీ, బిల్లునీ పారేయలేదు. మీకూ ఇలా జరిగితే పారేయకండి. పెట్టె మీద స్టిక్కర్ కనిపిస్తే బిల్లు వేయించకముందే, వాళ్ళ ఎదురుగానే పీకించి చూడండి.